హాజరు పట్టీలో ఉన్నాం, పాఠంలో లేం

1992 డిసెంబరు దాటి కొన్ని వారాలైంది. నేను ఏడో తరగతి. సోషల్ పీరియడ్. పాఠంలో గజనీ మహమ్మదు పేరు వచ్చింది. సోమనాథ్ వచ్చింది. సార్ చదువుకుంటూ పోతున్నాడు. ముందు బెంచీలోంచి ఒక తల వెనక్కి తిరిగి నన్ను చూసింది. తర్వాత ఇంకొకటి. తర్వాత సగం తరగతి. మేం ముగ్గురం తురక పిల్లలం. ముగ్గురమూ పుస్తకంలోకి తలలు దించుకున్నాం. సార్ చెడ్డవాడు కాదు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పాఠం చదివాడు, అంతే.

ఆ సాయంత్రం అబ్బాను అడిగాను, గజనీ మనకేమవుతాడని. అబ్బా పత్తి మండీలో హమాలీ. బేళ్ళు మోసి మోసి భుజం కాయ కాసి ఉండేది. 'మాలూం నై బేటా. మనకైతే పైసా ఇచ్చిపోలేదు' అన్నాడు.

ముప్పై ఏళ్ళు దాటిన తర్వాత ఆ మాట మళ్ళీ గుర్తుకొచ్చింది, సి.బెళగల్‌లో. మా ఆపా కొడుకు ఆ మండలంలోని ఒక హైస్కూల్లో సోషల్ అయ్యవారు. ఒక సెలవు రోజు వాళ్ళింటికి పోతే పదో తరగతి వార్షిక ప్రణాళిక ముందేసుకుని కూర్చున్నాడు. 'మామూ, మీరు పేపర్లో రాసేవాళ్ళు కదా, ఇది చూడండి' అన్నాడు. చూశాను. పుస్తక సమీక్షలు చాలా రాశాను గానీ ఒక అయ్యవారి ప్రణాళికను సమీక్షించడం ఇదే మొదలు. అది కూడా ఒక రచనే. ఎవరి బతుకు చదవదగ్గదో, ఎవరిది కాదో తేల్చే రచన.

జూన్‌లో మొదలు. చరిత్రలో యూరపు జాతీయవాదం, 1848లో ఒక ఫ్రెంచి చిత్రకారుడు గీసిన బొమ్మ. పౌరశాస్త్రంలో అధికార పంపిణీ, బెల్జియం, శ్రీలంక. తర్వాత వనరులు, అభివృద్ధి, వ్యవసాయం. డిసెంబరుకు సిలబస్ అయిపోవాలి. ఆపైన పునశ్చరణ, నమూనా పరీక్షలు, మార్చిలో పబ్లిక్. గళ్ళు గీసి, పీరియడ్లు లెక్కేసి, శుభ్రంగా రాశాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒక్క సంగతి తప్ప. ఈ ప్రణాళిక సి.బెళగల్‌కు రాసిందని చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

ఈ పడమటి పల్లెల్లో ఏడాదికి ఇంకో క్యాలెండరుంది. ఖరీఫ్ పంట చేతికొచ్చాక, లేదా చేలోనే ఎండిపోయాక, కుటుంబాలు మూటలు కట్టుకుని గుంటూరు మిరప కోతలకు పోతాయి. దీన్ని ఇక్కడ సుగ్గి అంటారు. ఆదోని, కోసిగి, మంత్రాలయం, ఎమ్మిగనూరు, సి.బెళగల్, ఏ పల్లెలో అడిగినా సుగ్గి మాట తెలుసు. తల్లిదండ్రుల వెంట పిల్లలూ పోతారు. బోయ, మాదిగ, కురువ, దూదేకుల, సాయిబుల పిల్లలు. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం. ఎందుకంత తక్కువ అంటే గణాంకాలు అక్కర్లేదు, సుగ్గి నెలల్లో హాజరు పట్టీ తెరిస్తే చాలు. మావాడి ప్రణాళికలో పునశ్చరణ అని రాసిన గడులన్నీ ఆ నెలల్లోనే ఉన్నాయి. బెంచీలు ఖాళీ అయినప్పుడు పునశ్చరణ ఎవరికి?

తప్పు మావాడిది కాదు. పుస్తకం ఏదైతే ప్రణాళిక అదే.

ఉమ్మడి రాష్ట్రంలో 2011 పాఠ్యప్రణాళిక చట్రం ఆధారంగా 2012 నుంచి కొత్త సాంఘికశాస్త్రం పుస్తకాలొచ్చాయి. మా కాలపు రాజుల జాబితాల కంటే అవి ఎంతో మేలు. పిల్లవాణ్ణి ఆలోచించమన్నాయి, మీ ఊళ్ళో కనుక్కోమన్నాయి. 2014లో వచ్చిన పదో తరగతి పుస్తకంలో వలసల మీద ఏకంగా ఒక పాఠం పెట్టారు. అందులో ఎవరి వలస ఉంది? మహారాష్ట్ర చెరకు కోతలకు పోయే బీడ్, జాల్నా కూలీలది. మంచి పాఠమే. కానీ బీడ్ కూలీ గురించి సి.బెళగల్ పిల్లవాడు పరీక్ష రాయాలి, అదీ సుగ్గి నుంచి తిరిగొస్తే. తన అమ్మ గుంటూరు మిరప చేలో కూర్చుని ఏరిన కాయలు ఏ ప్రశ్నకూ జవాబు కాలేదు.

ఇప్పుడా పాఠమూ పోయింది. 2024-25 నుంచి ఆంధ్రప్రదేశ్ పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే. తొమ్మిదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ అర్థశాస్త్రం చాలా ఏళ్ళు పాలంపూర్ అనే ఊరితో మొదలయ్యేది. అది పశ్చిమ ఉత్తరప్రదేశ్ ఊరి నమూనా. గొట్టపు బావులు, ఏడాదికి మూడు పంటలు, బీడు పడ్డ సెంటు కూడా లేని నేల. వర్షం కోసం ఆకాశం చూసే మా నేలకు ఆ ఊరు దేవలోకం.

అంతకంటే పెద్ద కోత ఇంకోటుంది. 2022లో పదో తరగతి పౌరశాస్త్రంలో మతతత్వం గురించి చెప్పే చోట ఉన్న ఫైజ్ కవితల పోస్టర్లను సిలబస్‌లోంచి తప్పించారు. 2023లో పన్నెండో తరగతి చరిత్రలో మొఘల్ దర్బారుల అధ్యాయం ఎగిరిపోయింది. 2025లో వచ్చిన ఏడో తరగతి కొత్త పుస్తకంలో ఢిల్లీ సుల్తానులు, మొఘలులు లేరు. అదే ఏడాది ఎనిమిదో తరగతి పుస్తకంలో కనిపించారు. కనిపించడం క్రూరత్వంతోనే ముందు కనిపించారు. గతంలో జరిగినవాటికి ఈనాటివాళ్ళెవరూ బాధ్యులు కారని ఆ పుస్తకమే ఒక గమనిక కూడా పెట్టింది. గమనిక మంచిదే. కానీ వెనక్కి తిరిగిన తలలను ఏ గమనిక ముందుకు తిప్పుతుంది? నేను ఆ మధ్య బెంచీలో కూర్చున్నవాణ్ణి. నాకు తెలుసు.

ఇక్కడ మనవాళ్ళు సాధారణంగా చేసే పని ఒకటుంది. మా బాదుషాలను మాకు తిరిగివ్వండి అని అడుగుతాం. తాజ్‌మహల్, ఎర్రకోట, నవాబుల దర్జా. నేనది అడగలేను. రాజులున్న పుస్తకంలోనూ మా అబ్బా లేడు, రాజులు లేని పుస్తకంలోనూ లేడు. పాత పుస్తకం మమ్మల్ని దండెత్తి వచ్చినవాళ్ళుగా చూపింది. కొత్త పుస్తకం ఒక చోట తీసేసింది, ఒక చోట నేరస్తుల్ని చేసింది. హమాలీ, కౌలు రైతు, బీడీలు చుట్టే ఖాలా, పరుపులు కుట్టే దూదేకుల తాత, వీళ్ళు ఏ ఎడిషన్‌లోనూ లేరు. మన పోట్లాట ఇక్కడ ఉండాలి.

మరి ఏం చెప్పాలి? ఆ రాత్రి మావాడూ నేనూ కూర్చుని ప్రణాళిక పక్కన ఇంకో కాగితం రాశాం. పుస్తకాన్ని పారేయలేదు, దాన్ని ఈ నేల మీదికి దించడానికి ప్రయత్నించాం.

మొదటిది భూమి. ప్రతి పిల్లవాడూ ఇంట్లో ఉంటే పాసు పుస్తకం, లేకుంటే అడంగల్ నకలు తేవాలి. అందులో ఫసలీ అని ఉంటుంది. జూలైలో మొదలై జూన్‌లో ముగిసే రెవెన్యూ సంవత్సరం. అక్బరు కాలంలో పంటల లెక్క కోసం పుట్టింది. పుస్తకంలోంచి మొఘలులను తీసేయొచ్చు. మన పొలం లెక్క మాత్రం 2024-25లోనూ 1434 ఫసలీ అనే సాగింది. రైతు, కౌలు, బాకీ, వసూలు, అర్జీ, రసీదు, జిల్లా, తహశీల్దారు, ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో పిల్లలు వెతకాలి. బడిలో రోజూ పిలిచే హాజరు ఎవరి మాట? తురకం మాకు రాదనే పిల్లవాడి నోట్లో రోజుకు ఇరవై ఉర్దూ మాటలున్నాయి. పరాయితనం గురించి ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, ఈ పట్టిక చాలు.

రెండోది నది. తుంగభద్ర గట్టున నిలబడితే అవతలి గట్టు ఇప్పుడు తెలంగాణ. 1948 సెప్టెంబరు దాకా నిజాం రాజ్యం. ఇవతల మద్రాసు ప్రెసిడెన్సీ. 1800లో నిజాం కంపెనీకి ధారపోసిన జిల్లాల్లో ఆదోని ఒకటి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా అది బళ్ళారి జిల్లాలో ఉండేది. సుంకేసుల దగ్గర మొదలయ్యే కె.సి. కాలువను 1863 నుంచి 1870 దాకా ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించింది. నష్టపోతే 1882లో సర్కారు కొనుక్కుంది. కాలువ వచ్చిన కొన్నేళ్ళకే 1876-78లో ధాత కరువు కర్నూలు, బళ్ళారి జిల్లాలను ఊడ్చేసింది. నది పక్కనే ఉండి పొలం ఎందుకు ఎండుతుంది? కాలువ ఎవరి పొలానికి పోతుంది? సుగ్గికి ఎందుకు పోతాం? వనరుల పాఠం ఇక్కణ్ణుంచి మొదలు కావాలి.

మూడోది పత్తి. ఆదోని పత్తి మార్కెట్టు రాష్ట్రంలోనే పెద్దవాటిలో ఒకటి. విల్లుతో దూది ఏకిన దూదేకులవాళ్ళ చేతి పనిని జిన్నింగు యంత్రం తినేసింది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టాడు. నేతగాళ్ళకు సంఘం వచ్చింది, దూదేకులకు ఎందుకు రాలేదు? ప్రశ్న అడగాలి. పారిశ్రామికీకరణ పాఠంలో మాంచెస్టర్ చదవొద్దనడం లేదు. మాంచెస్టర్ చదివాక ఒకసారి ఆదోని మండీకి పోయి హమాలీ రేటెంతో కనుక్కు రమ్మంటున్నాం.

నాలుగోది ఆదోని జామియా మసీదు. పదిహేడో శతాబ్దంలో బీజాపూరు తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించాడు. సిద్ది అంటే హబ్షీ, ఆఫ్రికా మూలాలవాడు. దక్కనుకు బానిసలుగా వచ్చిన హబ్షీల్లోంచి మాలిక్ అంబర్ లాంటి సేనానులు, మసూద్ లాంటి పాలకులు ఎదిగారు. నల్లవాడు, బానిస మూలంవాడు, ముస్లిం, మన పక్క కోటలో పాలకుడు. ఒక్క మనిషితో ఇన్ని పాఠాలు చెప్పొచ్చు. మంత్రాలయం ఉన్న మంచాల గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చింది కూడా ఆయనేనని మఠం సంప్రదాయమే చెప్తుంది. ఈ కథను సామరస్య సభల్లో మాకు సర్టిఫికెట్‌లా చదివి వినిపిస్తుంటారు. నాకా సర్టిఫికెట్ వద్దు. ఊరిని దానం ఇవ్వడం అంటే ఏమిటి, ఆ ఊళ్ళో అప్పుడు దుక్కి దున్నినవాడెవడు, మసీదుకు రాయి మోసినవాడెవడు, ఈ ప్రశ్నలు కావాలి. అవి అడిగితే మసీదు, మఠం రెండూ పిల్లలందరి చరిత్రా అవుతాయి.

ఐదోది మా తరగతే. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని ఇక్కడ మెచ్చుకోవాలి. బెల్జియంలో డచ్చి, ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు అధికారం పంచుకున్న తీరు, 1956లో శ్రీలంక సింహళాన్నే అధికార భాష చేసి తమిళులను దూరం చేసుకున్న తీరు, రెండూ చక్కగా చెప్పింది. ఈ పాఠం చెప్పాక అయ్యవారు ఒక్క ప్రశ్న వేస్తే చాలు. మీ ఇంట్లో ఏం భాష మాట్లాడతారు? ఊరి పేరులోనే కన్నడం వినిపించే ఈ ప్రాంతంలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వస్తాయి. 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది. మరి మండల కచేరీలో ఉర్దూ అర్జీ ఎవరైనా తీసుకుంటారా? వెళ్ళి చూసి రండి. పౌరశాస్త్రమంటే అదే.

దీనికి మావాడే అడ్డం చెప్పాడు. 'మామూ, పరీక్షలో ఇవి రావు. మార్కులు రానిదాన్ని హెచ్చెమ్ ఒప్పుకోడు, అమ్మానాయనలూ ఒప్పుకోరు.' నిజమే. సి.బెళగల్ పిల్లవాడికి పదో తరగతి మార్కులు సరదా కాదు, సుగ్గి నుంచి తప్పించుకునే ఒకే ఒక్క దారి. అందుకే పుస్తకం వదలమనలేదు. వారానికి ఒక పీరియడ్ అడిగాను. ఇంకో మాటా అన్నాను. పునశ్చరణ గడులను సుగ్గికి ముందుకు జరపమని. పోయే పిల్లలకు ఒక పని ఇచ్చి పంపమని. గుంటూరులో కూలి ఎంత, మేస్త్రీ కోత ఎంత, తాగే నీళ్ళు ఎక్కణ్ణుంచి, ఎక్కడ పడుకుంటారు, నోటు పుస్తకంలో రాసుకు రమ్మని. తిరిగొచ్చినప్పుడు వాడు వెనకబడ్డ విద్యార్థిగా కాదు, వలస పాఠం చెప్పే మనిషిగా బడికి రావాలి.

మాలో మేం అడగాల్సినవీ ఉన్నాయి. దూదేకుల పిల్లవాణ్ణి చూసి వీడికి ఉర్దూ కూడా రాదని నవ్విన తరగతిలో నేనూ ఉన్నాను, నేనూ నవ్వాను. గజనీ పాఠంలో నావైపు తిరిగిన తలలకూ, నా నవ్వుకూ ఏం తేడా? దూదేకులవాళ్ళు బీసీ-బిలో, 2007 నుంచి ఇంకొన్ని ముస్లిం సమూహాలు బీసీ-ఇలో ఎందుకున్నారో పౌరశాస్త్రంలో చెప్పాలంటే సయ్యద్, షేక్, దూదేకుల, మెహతర్ అంటూ మా ఇంటి మెట్లూ చెప్పాలి. మా ఆపా తొమ్మిదితో చదువు ఆపేసింది. ఆపించింది పుస్తకం కాదు, మేమే. ఆ పాఠం కూడా ప్రణాళికలో ఉండాలి.

ఈ కాగితంతో దేశం సిలబస్ మారదు. పైవాళ్ళు అధ్యాయాలు కోస్తూనే ఉంటారు, అతికిస్తూనే ఉంటారు. దానిమీద కొట్లాట వేరే సాగాలి, సాగుతుంది. ఆ లోపల బడిలో గంట మోగుతుంది, పిల్లలొస్తారు, అయ్యవారు పేర్లు పిలుస్తాడు. ఆ పీరియడ్ మాత్రం ఆయన చేతిలో ఉంది.

మొన్న మావాడు ఫోన్ చేశాడు. అడంగల్ పాఠం చెప్పాడట. హాజరు మన మాటేనట సార్ అని ఒక సాయిబుల పిల్ల లేచి అందట. తరగతి మొత్తం ఆ పిల్లవైపు తిరిగి చూసిందట.

తలలు తిరగడం నాకు తెలుసు. ఈసారి ఆ పిల్ల తల దించుకోలేదట.