ఆహార్యం – కథాగమనం: ‘ది మెర్రీ విడో’ సమకాలీన ప్రదర్శన సమస్యలు

భరతుడు ఆహార్యాభినయాన్ని పుస్తం, అలంకారం, అంగరచన, సజీవం అని నాలుగు విధాలుగా విభజించాడు. రంగస్థలం మీది కృత్రిమ వస్తువులు, దుస్తులు, నగలు, మేనిరంగులు, ప్రాణుల ప్రవేశం అన్నీ దాని పరిధిలోకి వస్తాయి. ప్రసిద్ధ శృంగార ఆపరెట్టాలను నేటి ఫ్యాషన్‌తో, నేటి రంగాలంకరణతో ప్రదర్శించే ధోరణిని అంచనా వేయడానికి ఈ విభజన ఉపకరిస్తుంది. పాట, సంభాషణ, నృత్యం కలగలిసిన హాస్యప్రధాన సంగీతనాటకమే ఆపరెట్టా. ఫ్రాంట్స్ లెహార్ సంగీతం సమకూర్చిన ‘ది మెర్రీ విడో’ ఆధారంగా, ఈ మార్పు రచనకు ఎక్కడ తోడ్పడుతుందో, ఎక్కడ దానిని దెబ్బతీస్తుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

విక్టర్ లియోన్, లియో స్టైన్ రచించిన ఈ నాటకం 1905 డిసెంబరు 30న వియన్నాలో తొలిసారి ప్రదర్శితమైంది. కథాకాలం ప్రేక్షకుల కాలమే. పాత్రలు ధరించినవి ఆనాటి నాగరికుల దుస్తులే. 1907లో లండన్ డేలీస్ థియేటర్‌లో నాయిక పాత్ర పోషించిన లిలీ ఎల్సీ కోసం లూసిల్ అనే ప్రసిద్ధ రూపకర్త దుస్తులను తీర్చిదిద్దింది. ఆ నటి ధరించిన వెడల్పాటి టోపీ నాటకం పేరుతోనే వీధుల్లో వ్యాపించింది. అందువల్ల ఈ రచనకు సమకాలీన ఫ్యాషన్ పరాయిది కాదు. ఈనాడు ‘సంప్రదాయ’మనిపించే 1905 నాటి పారిస్ వేషధారణ కాలం గడిచినకొద్దీ ఏర్పడిన చారిత్రకతే. 2014 డిసెంబరు 31న న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరాలో ప్రారంభమైన సుసాన్ స్ట్రోమన్ ప్రదర్శన ఆ చారిత్రక సౌందర్యాన్నే ఆశ్రయించింది. అది కనువిందైన మార్గమే. అయితే తొలి ప్రేక్షకులు తమనే వేదికపై చూసుకున్న అనుభవం అందులో లభించదు.

ఇంతమాత్రం చేత నేటి దుస్తులు తొడిగితే చాలుననడం తొందరపాటు. ఈ నాటకంలో ఆహార్యం కథను నడిపిస్తుంది. పాంటెవెద్రో అనే కల్పిత చిన్న దేశం దివాలా అంచున ఉంది. రెండు కోట్ల ఆస్తి గల వితంతువు హానా విదేశీయుణ్ణి పెళ్లాడితే ఆ ధనం దేశం దాటిపోతుంది. అందుకే పారిస్‌లోని రాయబారి జేతా ఆమెను తమ దేశస్థుడైన డానిలోకు కట్టబెట్టాలని చూస్తాడు. ఒకప్పుడు ఆమె పేదరికం కారణంగా డానిలో కుటుంబం వారి పెళ్లికి అడ్డుపడింది. ఇప్పుడు ధనం కోసం ప్రేమించాడన్న నింద పడకూడదని డానిలో తన ప్రేమను నోరు విప్పి చెప్పడు.

మొదటి అంకం రాయబార కార్యాలయంలో జరుగుతుంది. రెండవ అంకంలో హానా తన ఇంట స్వదేశీ వేషధారణతో, స్వదేశీ పాటలతో విందు ఇస్తుంది. మూడవ అంకంలో అదే ఇంటిని మాక్సిమ్స్ విలాసశాలగా మారుస్తుంది. అధికారం, స్వదేశం, విలాసం అనే మూడు ప్రపంచాలను ప్రేక్షకుడు ముందుగా కంటితోనే గుర్తిస్తాడు. మూడు అంకాల్లోనూ అందరికీ ఒకే తీరు అధునాతన సూట్లు, గౌన్లు వేస్తే పాంటెవెద్రో అదృశ్యమవుతుంది. దానితోపాటు దేశభక్తి పేరిట జరిగే పెళ్లి బేరంపై ఉన్న వ్యంగ్యమూ పోతుంది. నిజానికి ఈ భేదాన్ని చూపడానికి నేటి జీవితంలోనే ఆధారాలున్నాయి. విదేశాల్లోని తెలుగువారు ఉగాది వేడుకలకు పట్టుచీరలు, పంచెలు కట్టుకొని రావడం అటువంటిదే. స్వదేశీ వేషం ఇప్పటికీ సజీవమైన సంకేతమే కనుక సమకాలీన రూపకర్త దానిని వదులుకోనక్కరలేదు.

విసనకర్ర మరింత కఠినమైన పరీక్ష. జేతా భార్య వాలెన్సియెన్ విసనకర్రపై ఆమె ప్రియుడు కామీయ్ తన ప్రేమను రాస్తాడు. అది పోగొట్టుకున్న వస్తువుగా చేతులు మారుతూ అనుమానాలు రేపుతుంది. చివరకు దానిపైనే ఆమె రాసిన నిరాకరణ ఆమెను కాపాడుతుంది. దీని స్థానంలో మొబైల్ ఫోన్ పెట్టాలన్న ఆలోచన సులభంగా తోస్తుంది. కానీ ఫోన్ తన యజమానిని, సందేశం పంపినవారిని వెంటనే పట్టిస్తుంది. ఎవరిదో తెలియకుండా తిరగడమే విసనకర్ర బలం. ఆ అజ్ఞాతత్వం లేనిదే హాస్యం నిలవదు. పుస్తాన్ని మార్చినప్పుడు దాని రూపంతోపాటు వ్యాపారం కూడా కుదరాలి.

తెలుగు నాటకరంగానికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది. 1892లో ప్రదర్శితమైన గురజాడ ‘కన్యాశుల్కం’ కూడా తన కాలపు మనుషులనే వేదికకెక్కించింది. నేటి ప్రేక్షకుడికి అది గతకాలపు చిత్రం. అందులోనూ వేషమే కథను మలుపు తిప్పుతుంది. కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషంలో లుబ్ధావధాన్లకు పెళ్లికూతురవుతాడు. మధురవాణి పురుషవేషంలో సౌజన్యారావును కలుస్తుంది. ఈ నాటకానికి నేటి దుస్తులు వేయదలచిన దర్శకుడు ఆ మారువేషాలు నమ్మదగినవిగా నిలిచే సాంఘిక పరిస్థితిని కూడా చూపవలసి ఉంటుంది. ఆచారం మారిన చోట వేషం ఒక్కటే మారితే కథకు ఆధారం తప్పుతుంది.

‘ది మెర్రీ విడో’ ముగింపు ఈ విచారణకు తగిన ప్రమాణాన్ని అందిస్తుంది. మళ్లీ పెళ్లాడితే ఆస్తి పోతుందని హానా చెప్పగానే డానిలో ప్రేమను ప్రకటిస్తాడు. ఆ ఆస్తి కొత్త భర్తకు చేరుతుంది గనుకనే తనకు పోతుందని ఆమె అప్పుడు వివరిస్తుంది. ఆ క్షణం వరకు హానాలో ధనికురాలు, వెనుకటి పేదపిల్ల ఇద్దరూ ప్రేక్షకుడికి కనిపిస్తూ ఉండాలి. దుస్తుల వైభవం ఆ రెండవ మనిషిని కప్పివేస్తే ప్రదర్శన ఫ్యాషన్ కవాతుగా మిగులుతుంది. ఏ కాలపు వేషమైనా ఆ ఇద్దరినీ ఒకే దేహంలో చూపగలిగితే అది లెహార్ రచనకు న్యాయం చేసినట్లే.