బల్లమీద కట్టే ఇళ్లు

1913లో వచ్చిన ‘లిటిల్ వార్స్’ పుస్తకంలో రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికుల మధ్య చిన్న చిన్న ఇళ్లు కూడా నిలబెట్టాడు. బల్లమీది యుద్ధక్రీడల కోసం అలాంటి ఇళ్లు కట్టే చేతులంటే నాకు గొప్ప గౌరవం.

ఇప్పటి ఆటల్లో బొమ్మ మనిషి ఎత్తు ఎక్కువగా 28 మిల్లీమీటర్ల లెక్కన ఉంటుంది. గోడ, గుమ్మం, మెట్టు అన్నీ అతని కొలతకే ఒదగాలి. గోడలకు థర్మాకోల్ కన్నా గట్టిగా, నున్నగా ఉండే ఫోమ్ షీటు వాడతారు. దానిపై పెన్సిల్‌తో రాళ్ల వరసలు నొక్కి, ఉండచుట్టిన అల్యూమినియం రేకును అద్దితే రాతి గరుకుదనం వచ్చేస్తుంది. కాఫీ కలిపే చెక్కపుల్లలు తలుపులవుతాయి. అట్టముక్కలను కింది నుంచి పైకి, ఒక వరస అంచుమీదికి మరో వరస ఎక్కేలా అతికిస్తే పెంకుల కప్పు. మన పెంకుటిళ్లు నేసే తీరూ ఇదే!

స్ప్రే రంగు నేరుగా కొడితే ఫోమ్ కరుగుతుంది. అందుకే ముందు నల్లరంగులో తెల్లజిగురు కలిపి పూస్తారు. ఆ పైన దాదాపు పొడిగా ఉన్న కుంచెతో లేతరంగు తాకిస్తే రాళ్ల అంచులు మాత్రమే తేలతాయి.

అన్నిటికన్నా నాకు నచ్చేది ఊడివచ్చే పైకప్పు. సైనికుడు లోపలికి దూరితే కప్పెత్తి బొమ్మను నిలబెట్టాలి కదా. ఆ కాసేపటి కోసం లోపలి నేలకూ చెక్కలు పరిచి రంగువేసే ఓపికే అసలైన పనితనం.

ఇంట్లో పిల్లలుంటే ఖాళీ అట్టపెట్టెలు పారేయకండి. కత్తి మీరు పట్టుకుని, గోడలు వాళ్ల చేత కట్టించండి.