కొలిచాకే చక్రం

చలికాలమంతా దుప్పటి కప్పుకుని పడుకున్న పాత కార్లు డెట్రాయిట్ శివారులోని మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో మే నెల నుంచి ఒక్కొక్కటీ బయటికొస్తాయి. ఆగస్టు మూడో శనివారానికి అన్నీ తూర్పు ముఖం పడతాయి. ఆ రోజు వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్. 1995లో మొదలైన ఈ జాతరకు ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా రోడ్డు పొడవునా జనం మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. అమెరికాలో కాంక్రీటు పోసిన మొదటి మైలు రోడ్డు కూడా ఆ వుడ్‌వర్డ్ మీదిదే, 1909లో.

మా ఊళ్లో నిస్సాన్ సాంకేతిక కేంద్రం ఉంది, బాష్ ఉంది, మాహ్లే ఉంది. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందిమి కార్ల కొలువుల మీదే ఈ చలి దేశానికి వచ్చాం. పగలంతా కంప్యూటర్ తెర మీద కార్లు చూసేవాడికి సాయంత్రం చేత్తో ముట్టుకునే కారు ఒకటి కావాలనిపిస్తుంది. నాకు అలా దొరికింది 1966 ఫోర్డ్ మస్టాంగ్. రెండు తలుపుల బండి, 289 వీ8 ఇంజను, లేత నీలం రంగు. దాని ఇంజను గురించి, రంగు గురించి ఈ కాలమ్‌లో ఇదివరకే రాశాను. ఈ వారం చక్రాల గురించి.

కొన్నప్పుడు ఆ కారు టైర్లు చూసి ముచ్చటపడ్డాను. గాడులు లోతుగా ఉన్నాయి, రబ్బరు నల్లగా నిగనిగలాడుతోంది, అరుగుదల లేదు. పక్కింటి పెద్దాయన, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, ఒక ఆదివారం వచ్చి కారు చుట్టూ తిరిగాడు. బానెట్ ఎత్తమనలేదు. చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కళ్లజోడు పైకి తోసుకుని, టైరు సైడ్‌వాల్ మీద వేలితో తడిమాడు. "ఈ కారులో మీ అమ్మాయిని ఎక్కించావా?" అని అడిగాడు. ఎక్కించానన్నాను. అక్కడున్న అంకెలు చూడమన్నాడు. డాట్ అన్న అక్షరాల వరస చివర 238, దాని పక్కన ఒక చిన్న త్రికోణం.

2000 నుంచి తయారైన టైర్ల మీద ఈ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3219 అంటే 2019లో ముప్పై రెండో వారం. అంతకుముందు మూడంకెలే ఉండేవి. తొంభైల దశాబ్దమని తెలియడానికి చాలా కంపెనీలు పక్కన ఆ త్రికోణం వేసేవి. అంటే నా టైర్లు 1998 జూన్‌లో పుట్టినవి. ఏడాదికి నాలుగొందల మైళ్లు కూడా తిరగని కారు కాబట్టి గాడులు అరగలేదు. రబ్బరు మాత్రం గరాజులో నిలబడి ఉన్నా ముసలిదవుతూనే ఉంటుంది. గాలిలోని ఆక్సిజను, ఎండ, ఎండాకాలపు వేడి కలిసి దాన్ని గట్టిపరుస్తాయి. లోపలి ఉక్కు పొరకూ రబ్బరుకూ ఉన్న పట్టు సడలుతుంది. పైకి ఏమీ కనిపించదు. హైవే మీద వేడెక్కిన రోజున పైపొర మొత్తం తొక్కలా ఊడి వస్తుంది. ఫోర్డ్ కంపెనీ ఆరేళ్లకు మార్చమంటుంది. మిషెలిన్ వాళ్లు అయిదేళ్ల తర్వాత ఏటా పరీక్ష చేయించమనీ, ఎంత బాగా కనిపించినా పదేళ్లు దాటితే తీసేయమనీ చెబుతారు. నేను రోజూ కార్ల పనిలోనే ఉన్నవాణ్ణి. అయినా ఆ టైర్ల మీద మా అమ్మాయిని రెండు వేసవులు తిప్పాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కొత్త టైర్లు వేయాలనుకున్నాక రిమ్ముల మీదికీ మనసు పోతుంది. అందరికీ పోతుంది. కేటలాగు తెరిస్తే మెరిసే అల్యూమినియం చక్రాలు, పదిహేడు అంగుళాలు, పద్దెనిమిది అంగుళాలు. నేనూ ముందు పదిహేడుకే ఆశపడ్డాను. ఒక మిత్రుడి దగ్గర వాడిన సెట్టు ఉంటే అరువు తెచ్చి వేసి చూశాను. గరాజు ముందు నిలబెడితే బాగానే ఉంది. పన్నెండో మైలు రోడ్డు ఎక్కితే వేరే కథ. మిషిగన్‌లో శీతాకాలం నీళ్లు రోడ్డు పగుళ్లలో దిగి గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి, వసంతానికల్లా గుంటలు చేసిపెడతాయి. ప్రతి గుంటా వెన్నులో తెలిసింది. పార్కింగులో స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు టైరు ఫెండరు అంచుకు రాసుకుని గర్రుమంది.

ఎందుకలా? లెక్క చూడండి. ఈ కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి టైరు కొలత 6.95-14. వెడల్పు దాదాపు ఏడంగుళాలు, రిమ్ము పద్నాలుగు. మొత్తం ఎత్తు ఇరవై అయిదు అంగుళాల పైచిలుకు. పదిహేడంగుళాల రిమ్ముకు 225/45 టైరు వేస్తే ఎత్తు దాదాపు ఇరవై అయిదే వస్తుంది, స్పీడోమీటరుకు పెద్ద తేడా తెలియదు. కానీ రిమ్ముకూ రోడ్డుకూ మధ్య రబ్బరు గోడ 225లో నలభై అయిదు శాతం, అంటే 101 మిల్లీమీటర్లు మాత్రమే. 205/65 ఆర్15 వేస్తే ఆ గోడ 133 మిల్లీమీటర్లు. రెండు గోడలూ, పదిహేనంగుళాల రిమ్మూ కలిపితే 647 మిల్లీమీటర్లు, ఇరవై అయిదున్నర అంగుళాలు. ఆ ముప్పై మిల్లీమీటర్ల రబ్బరే గుంటలో పడ్డప్పుడు దెబ్బను మింగేది. అరవై ఆరు నాటి స్ప్రింగులూ షాకులూ ఎత్తయిన మెత్తటి టైర్లు ఉంటాయని నమ్మి చేసినవి. ఆ నమ్మకాన్ని తీసేస్తే సస్పెన్షన్ ఒంటరిదవుతుంది.

నేను పుట్టింది తెనాలి పక్క పల్లెలో. మా కమ్మరి బండి చక్రానికి ఇనుప పట్టా వేసే రోజున పిల్లలందరం చుట్టూ చేరేవాళ్లం. ఆయన ముందు కొలిచేవాడు. చక్రం అంచు మీద సుద్దతో గుర్తు పెట్టి, చిన్న కొలతచక్రాన్ని దాని చుట్టూ దొర్లించి ఎన్ని చుట్లు వచ్చాయో లెక్కపెట్టుకునేవాడు. పట్టాను దానికంటే కాస్త తక్కువ పొడవుకు కోసి అతికేవాడు. ఎంత తక్కువ అన్నది ఆయన చేతికే తెలుసు. పిడకల మంటలో ఎర్రగా కాలి సాగిన పట్టాను ఇద్దరు పట్టకారులతో ఎత్తి చక్రానికి తొడిగేవారు. కర్ర చుర్రుమని పొగలేచేది. వెంటనే కడవలతో నీళ్లు. పట్టా బిగుసుకుంటూ ఆకుల్నీ పూఠీల్నీ ఒక్కటిగా నొక్కేటప్పుడు చక్రం టకటకా మోగేది. కొలత ఎక్కువైతే పట్టా ఊడిపోతుంది, తక్కువైతే ఆకులు విరుగుతాయి. ఇంగ్లీషులో టైరు అన్న మాట మొదట ఆ ఇనుప పట్టాకే పేరు. రబ్బరు తర్వాత వచ్చింది.

డెట్రాయిట్ కూడా అలాగే మొదలైంది. ఫోర్డ్ తొలికాలపు కార్లకు కర్ర చక్రాలు చేసిచ్చిన కెల్సీ ఈ ఊరివాడే. ఆయన కంపెనీ తర్వాత కెల్సీ-హేస్ అయింది. 1936 డిసెంబరులో కార్మిక నాయకుడు వాల్టర్ రూథర్ కార్మికులతో లోపలే బైఠాయించి సమ్మె చేయించింది ఆ కంపెనీలోనే. నా మస్టాంగ్ తరానికి అదనపు ధరకు దొరికిన ముందు డిస్కు బ్రేకులు చేసిందీ వాళ్లే. ఇక మా విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చే ఐ-94 పక్కన, ఆలెన్ పార్క్‌లో, ఎనభై అడుగుల యూనిరాయల్ టైరు నిలబడి ఉంటుంది. కొత్తగా వచ్చిన మనవాళ్లు అది వట్టి ప్రకటన బొమ్మ అనుకుంటారు. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో అది 24 తొట్టెలతో జనాన్ని తిప్పిన రంగులరాట్నం. అదే ప్రదర్శనలో, అదే ఏడాది ఏప్రిల్ 17న, ఫోర్డ్ మస్టాంగ్‌ను మొదటిసారి లోకానికి చూపించింది. రాట్నాన్ని విప్పి ఇక్కడికి తెచ్చి నిలబెట్టింది 1966లో, నా కారు తయారైన ఏడాది.

మళ్లీ నా చక్రాలకు. అసలు రిమ్ములు వేసి ఊరుకోవచ్చు కదా అనుకున్నాను. అవి అయిదంగుళాల వెడల్పు ఉక్కు రిమ్ములు. టైరు విప్పి చూస్తే అంచు కూర్చునే చోట తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. డెట్రాయిట్ నేల కింద దాదాపు 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉంది. శీతాకాలం ఈ రోడ్లన్నిటి మీదా ఉప్పే. పాత యజమాని ఎవరో ఈ కారును ఉప్పులో నడిపారు. ఆ తుప్పు మీద ట్యూబ్‌లెస్ టైరులో గాలి నిలవదు.

అందుకని పదిహేనంగుళాలు నిర్ణయించుకున్నాను. దీనికి పూర్వపు సాక్ష్యం కూడా ఉంది. 1965లో రేసు కార్లు చేసే క్యారల్ షెల్బీ ఇదే మస్టాంగ్‌ను జీటీ 350గా మార్చినప్పుడు పదిహేనంగుళాల చక్రాలే వేశాడు. అందుకే ఆ కొలత ఈ కారు ఒంటికి పరాయిదిగా కనిపించదు. ఇక కొలవడం. వీ8 మస్టాంగ్‌కు అయిదు బోల్టులు, ఆ వలయం నాలుగున్నర అంగుళాలు. ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కు నాలుగే బోల్టులు. పేరు చూసి కొనేసి బిగించబోయి తెల్లబోయినవాళ్లు నాకు తెలుసు. ఆ తర్వాతదే అసలు కొలత, ఇక్కడివాళ్లు బ్యాక్‌స్పేసింగ్ అంటారు. చక్రం హబ్బుకు ఆనే ముఖం నుంచి రిమ్ము లోపలి అంచు దాకా ఎంత ఉందన్నది. అది ఎక్కువైతే చక్రం లోపలికి జరిగి వెనక కమాను కట్టకు తగులుతుంది. తక్కువైతే బయటికి వచ్చి ఫెండరు అంచుకు రాసుకుంటుంది, బేరింగు మీద బరువు పెరుగుతుంది. ఏడంగుళాల వెడల్పు రిమ్ముకు నాలుగు నుంచి నాలుగుంపావు అంగుళాల బ్యాక్‌స్పేసింగ్ ఈ కారుకు సరిపోతుంది. నేను మాత్రం కాగితం మీది అంకెను నమ్మలేదు. రిమ్ము లేకుండా కారును జాకీ మీద ఎత్తి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి, మా అమ్మాయి టార్చి పట్టుకుంటే స్కేలుతో ప్రతి ఖాళీనీ కొలిచాను. నాలుగు మూలలూ నాలుగు రకాలుగా వచ్చాయి. అరవై ఏళ్ల బండి ఒళ్లు కాస్త పక్కకు ఒరిగే ఉంటుంది. తక్కువ ఖాళీ ఉన్న మూలకు సరిపోయే చక్రమే ఆ బండికి తగిన చక్రం.

టైరు రకం గురించి పాతకార్ల మనుషుల్లో రెండు పార్టీలు. 1966లో ఈ కార్లకు వచ్చినవి బయస్ టైర్లు. లోపలి దారాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ అల్లిక వేసినట్టుంటాయి. రేడియల్‌లో దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా వెళ్తాయి, పైన ఉక్కు పట్టీ. మిషెలిన్ పేటెంటు తీసుకున్నది 1946లో, అమ్మకానికి పెట్టింది 1949లో. అమెరికన్ కారుకు ఫ్యాక్టరీలోనే రేడియల్ రావడానికి 1970 లింకన్ కాంటినెంటల్ మార్క్ 3 దాకా ఆగాల్సి వచ్చింది. బయస్ టైరు రోడ్డు మీది గీతల వెంట పోతుంది, స్టీరింగును అటూ ఇటూ లాగుతుంది. పోటీల్లో చూపించడానికి అసలుకు అసలు కావాలంటే టెనెస్సీలోని చట్టనూగాలో 1958 నుంచి ఉన్న కోకర్ టైర్ పాత కొలతల్లో, తెల్లపట్టీలతో సహా, ఇప్పటికీ చేసి అమ్ముతోంది. వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ నా కారు ప్రదర్శనకు కాదు, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆర్చర్డ్ లేక్ రోడ్డు మీద తిరగడానికి. నేను రేడియల్ వేశాను. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను, ఒకే కారుకు రెండు రకాలూ కలపకండి. మలుపులో ముందు టైర్లు ఒక మాట వింటే వెనకవి ఇంకో మాట వింటాయి.

నట్ల దగ్గర ఇంకో పాఠం. కొత్త అల్యూమినియం చక్రాలకు పాత నట్లు పనికిరాకపోవచ్చు. కొన్ని చక్రాల రంధ్రం శంకువులా ఉంటుంది, కొన్నిటికి పొడుగు మెడ, వాషరు ఉన్న నట్టు కావాలి. ఒక షాపులో గాలి తుపాకీతో బిగించి పంపారు. ఇంటికొచ్చి టార్క్ రెంచితో చూస్తే ఒక నట్టు వదులు, ఇంకొకటి ఊడదీయడానికి ఇద్దరం పట్టాల్సినంత బిగువు. అప్పటి నుంచి చివరి బిగింపు నా చేత్తోనే, నక్షత్రం ఆకారంలో ఒకటి విడిచి ఒకటి, తొంభై అడుగు-పౌన్ల దగ్గర. యాభై మైళ్లు తిరిగాక మళ్లీ ఒకసారి.

స్టెప్నీకి కూడా కొత్త టైరే వేశాను. ఆ మాట ఇక్కడ ఎవరికీ అర్థం కాదు. వేల్స్‌లోని లనెత్లీ పట్టణంలో స్టెప్నీ వీధిలో 1904లో మొదలైన అదనపు చక్రం కంపెనీ పేరు అది. ఇంగ్లీషువాళ్లు మరిచిపోయినా మన మెకానిక్కులు నూరేళ్ల పైబడి నిలబెట్టారు. మా నాన్న అంబాసిడర్ డిక్కీలో స్టెప్నీ ఎప్పుడూ నాలుగు చక్రాల్లో అరిగిపోయి తీసేసినదే అయ్యేది. అప్పటి ఇళ్లల్లో జరుగుబాటు అంతవరకే. మనకు ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు, కానీ ఆ అలవాటు పోలేదు.

తుప్పు పట్టిన ఆ పాత రిమ్ములు నాలుగింటినీ పారేయలేదు. రుద్ది, రంగు వేసి గరాజు గోడకు తగిలించాను. ఈ కారు ఎప్పటికైనా ఇంకొకరి చేతికి పోతే అవీ దానితో పోతాయి.

ఆగస్టులో వుడ్‌వర్డ్‌కు వచ్చేవాళ్లయినా, హైదరాబాదులోనో విజయవాడలోనో రోజూ ఆఫీసుకు కారులో వెళ్లేవాళ్లయినా, ఒక్క పని చేయండి. బండి పక్కన వంగి సైడ్‌వాల్ మీది ఆ నాలుగంకెలు చదవండి. డిక్కీ తెరిచి స్టెప్నీ మీదివి కూడా. నాలుగు కాకుండా మూడే ఉంటే ఆ బండి ఇక కదపకండి.