మెట్రోకు దగ్గర, మనకు దూరం

అనంతపురం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరుకు పోయేవాళ్లకు దేవనహళ్లి దగ్గర నుంచే ఇళ్ల ప్రకటనల బోర్డులు మొదలవుతాయి. ఒకప్పుడు ఇంటి ప్రకటన అంటే నీళ్లు ఉన్నాయా, కరెంటు ఉందా, ముందరి రోడ్డు ఎంత వెడల్పు అని చెప్పేది. ఇప్పుడు మెట్రో స్టేషన్‌కు ఎన్ని నిమిషాలు అని చెబుతోంది. విమానాశ్రయానికి పోయే మెట్రో లైను పనులు సాగుతుండగానే ఆ లైను పేరు మీద ఇళ్లు అమ్ముడుపోవడం మొదలైంది. రైలు రాకముందే ధర వచ్చి కూర్చుంది.

మేం తండా బడుల్లో పాఠాలు చెప్పేవాళ్లం. పాఠం చదివించేటప్పుడు పిల్లలను ఒక ప్రశ్న అడుగుతుంటాం: ఈ మాట ఎవరు అంటున్నారు, ఎవరితో అంటున్నారు? ఆ బోర్డులను కూడా అలాగే చదవాలి. ‘స్టేషన్‌కు 5 నిమిషాలు’ అన్నది ఇల్లు అమ్మేవాడు ఇల్లు కొనగలిగినవాడితో అంటున్న మాట. ఆ ఇంటి పునాది తవ్విన కదిరి, తనకల్లు, నల్లమాడ తండాల వాళ్లతో ఆ మాట ఎవరూ అనలేదు. మెట్రో మీద వచ్చే రాతల్లో కిలోమీటర్లు ఉంటాయి, కోట్లు ఉంటాయి, రోజుకు ఎంతమంది ఎక్కారో ఉంటుంది. నగరంలో ఎవరు ఎక్కడ ఉండాలో కూడా మెట్రోనే తేలుస్తోందన్న సంగతి మాత్రం అరుదుగా కనబడుతుంది. మేం చెప్పదలచుకున్నది ఆ సంగతే.

బెంగళూరు మెట్రో 2011 అక్టోబరు 20న బైయప్పనహళ్లి, ఎం.జి. రోడ్డు మధ్య మొదలైంది. అప్పుడది ఏడు కిలోమీటర్లు కూడా లేదు. 2023 అక్టోబరుకు పర్పుల్ లైను వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా పూర్తయింది. 2025 ఆగస్టు 10న ఎల్లో లైను ఆర్.వి. రోడ్డు నుంచి ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర చేరింది. సిల్క్ బోర్డు కూడలిలో గంటల తరబడి ఇరుక్కున్నవాళ్లకు ఇది ఎంత ఊరటో మాకు తెలుసు. పొద్దుపోయాక పని నుంచి వచ్చే ఆడపిల్లకు వెలుతురు, కాపలా ఉన్న స్టేషన్ ఎంత ధైర్యమో తెలుసు. మెట్రో వద్దని మేం అనడం లేదు.

కానీ రైలు వచ్చిన చోట జరిగేది చూడాలి. గంటన్నర ప్రయాణం నలభై నిమిషాలైతే మిగిలిన సమయానికి ఒక విలువ ఉంటుంది. ఆ విలువ ప్రయాణికుడి జేబులో నిలవదు. స్టేషన్ పక్కన ఉండాలనుకునేవాళ్లు పెరిగేసరికి యజమాని బాడుగ పెంచుతాడు. ప్రయాణంలో మిగిలింది బాడుగలో పోతుంది. సొంత స్థలం ఉన్నవాడికి కూర్చున్న చోటే ఆస్తి పెరుగుతుంది. బాడుగకు ఉన్నవాడు ఇంకో గది వెతుక్కోవాలి. ఒకే గోడ పంచుకునే పాత వరుస ఇళ్లను పడగొట్టి నాలుగైదు అంతస్తుల పీజీ హాస్టళ్లు కడతారు. గదికి ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు. వంటగది ఉండదు, భోజనం ఫోన్‌లో తెప్పించుకుంటారు, బట్టలు బయట ఉతికిస్తారు. ఇంట్లో ఇంతకాలం జరిగిన పనులన్నీ ఇంకొకరి కూలి పనులవుతాయి. వండేవాళ్లు, ఊడ్చేవాళ్లు, కాపలా కాసేవాళ్లు మునుపటి కంటే ఎక్కువ మంది కావాలి. అందులో మనవాళ్లు ఎందరో ఉన్నారు. అయితే వాళ్లు పని చేసే వీధిలో వాళ్లకు గది దొరకదు. దొరికినా నెలల బాడుగ ఒక్కసారే అడ్వాన్సుగా కట్టాలి. అది కట్టలేనివాళ్లు ఊరి చివరి రేకుల షెడ్లకు పోతారు.

నిజానికి మెట్రో స్టేషన్‌కు అందరికంటే దగ్గరగా బతికినవాళ్లు దాన్ని కట్టినవాళ్లే. జార్ఖండ్, ఒడిశా, బిహార్, బెంగాల్‌ల నుంచి వచ్చిన కూలీలు స్తంభాల పక్కనే షెడ్లలో పడుకున్నారు. వారిలో మనలాంటి ఆదివాసులూ ఉన్నారు. మన అనంతపురం బేల్దారి మేస్త్రీలు, కూలీలు ఆ లైను చుట్టూ లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గర పడుకుంటున్నారు. స్టేషన్ తెరిచే రోజుకు షెడ్లు ఎత్తేస్తారు. అపార్ట్‌మెంటు గృహప్రవేశం నాటికి కూలీలు ఇంకో పునాది దగ్గర ఉంటారు. దగ్గరితనం వాళ్లకు పని ఉన్నన్నాళ్లే.

ఇక చార్జీ. 2025 ఫిబ్రవరిలో బెంగళూరు మెట్రో గరిష్ఠ చార్జీ 60 రూపాయల నుంచి 90 రూపాయలైంది. ఊరి చివర ఉండి ఈ చివర నుంచి ఆ చివరకు పోయి రావాలంటే రోజుకు 180 రూపాయలు. నెలకు 26 పనిదినాలకు 4,680 రూపాయలు. బాడుగ భరించలేక దూరం పోయినవాళ్లే ఎక్కువ చార్జీ కట్టాలి. బస్సు ఉంది కదా అంటారు. కర్ణాటక ప్రభుత్వం 2023 జూన్ 11 నుంచి ‘శక్తి’ పథకం కింద ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేసింది. మంచి పథకం. కానీ అది కర్ణాటక నివాసులకే. మన తండా నుంచి పోయిన ఆడమనిషి ఆధార్ కార్డులో అనంతపురమో, శ్రీసత్యసాయి జిల్లానో ఉంటుంది. ఆమె టికెట్ కొనాలి. మన దగ్గర ఇప్పుడు ఉచిత బస్సు వచ్చింది గానీ అది మన రాష్ట్రంలోనే. ఆమె ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండేది అక్కడ.

ఇంకొకటి కూడా గమనించాలి. సుగాలీలం ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో షెడ్యూల్డ్ తెగ. కర్ణాటకలో అదే లంబాణీలు షెడ్యూల్డ్ కులం. ఇక్కడి ధ్రువపత్రం పట్టుకొని అక్కడి ప్రభుత్వ ఇంటికి దరఖాస్తు పెట్టలేం. ఇక్కడ ఇల్లు మంజూరైనా ఏడాదిలో సగం రోజులు దానికి తాళమే. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. వేరుశనగ పోయిన ఏడు ఏ తండా బడిలోనైనా హాజరు పట్టీ చూస్తే చాలు, ఎన్ని ఇళ్లు బెంగళూరు దారి పట్టాయో తెలుస్తుంది. కొందరు పిల్లలు అవ్వల దగ్గర ఉండిపోతారు. కొందరు తల్లిదండ్రులతో పోయి షెడ్డు ముందర ఇసుక కుప్ప మీద ఆడుకుంటారు. నగరంలో బాడుగ పెరిగితే కూలివాళ్లకే ఇబ్బంది అనుకోకూడదు. తండాలో మూడో తరగతి పిల్ల చదువు ఆగిపోవడానికీ అదొక కారణం. పెళ్లాం, పిల్లలతో ఉండగలిగే గది దొరికితే ఆ పిల్ల అక్కడి బడిలోనైనా చేరేది.

రైలు మన ఇళ్లను మార్చడం ఇదే మొదటిసారి కాదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కను అంతా తిరిగిన జాతి మనది. ఆ బిడారే మన ఊరు, ఆ గుడారమే మన ఇల్లు. మద్రాసు రైల్వే గుత్తి, గుంతకల్లు మీదుగా పోయి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. వంద ఎద్దులు మోసే సరుకును ఒక్క పెట్టె మోసింది. ఉప్పు మీద సర్కారు పెత్తనం అప్పటికే ఉంది. మోత పని పోయిన జనం ఎక్కడో ఒకచోట ఆగాల్సి వచ్చింది. ఈరోజు మనం తరతరాల నుంచి ఉన్నదనుకునే తండాల్లో చాలావాటి వెనుక ఆ ఆగిపోవడం ఉంది. అదే 1871లో తిరుగుడు జాతులను నేరస్థ జాతులుగా నమోదు చేసే చట్టం ఉత్తరాదిన వచ్చింది. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. తిరగనివ్వని కాలంలో, నిలవడానికి భూమి ఇవ్వని కాలంలో మన పెద్దలు రాళ్ల గుట్టల పక్కన ఇళ్లు వేసుకున్నారు. గుత్తి దగ్గరి సేవాగఢ్‌కు ఏటా పోయి సేవాలాల్ మహరాజ్‌కు మొక్కుతాం. ఆ పక్క నుంచే పోయే రైలుకూ మన బతుకుకూ ఉన్న సంబంధం మాత్రం మాట్లాడుకోం.

హైదరాబాదు సంగతి ఇంకా స్పష్టం. బంజారా హిల్స్ అన్న పేరు ఆ గుట్టల మీద ఉన్న బంజారాల నుంచి వచ్చింది. 1930ల ప్రాంతంలో అక్కడ పెద్దల బంగళాలు లేవడం మొదలైంది. ఇప్పుడు నగరంలో అత్యంత ఖరీదైన చోట్లలో అదొకటి. మెట్రో ఆ అంచునే పోతుంది. పేరు మిగిలింది, తండా మిగలలేదు. అక్కడ మెట్రోకు, భూమికి ఉన్న సంబంధం మొదట్లోనే బయటపడింది. 2008లో మేటాస్ సంస్థ ఆధ్వర్యంలోని బృందం ప్రభుత్వం నుంచి డబ్బు అడగకపోగా, తానే ఎదురు 30 వేల కోట్ల రూపాయలకు పైగా ఇస్తానని టెండరు గెలిచింది. టికెట్ల మీద అంత డబ్బు ఎలా వస్తుంది? ఢిల్లీ మెట్రోను నడిపిన ఇ. శ్రీధరన్ ఆ ఏడాదే ప్రణాళికా సంఘానికి లేఖ రాసి, దీని వెనుక భూముల లాభం ఉందని హెచ్చరించారు. సత్యం కుంభకోణం తర్వాత 2009లో ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. ఆ ఒప్పందంలోనూ స్టేషన్ల, డిపోల దగ్గర 1 కోటి 85 లక్షల చదరపు అడుగుల వ్యాపార కట్టడాలకు అవకాశం ఇచ్చారు. పంజాగుట్ట, ఎర్రమంజిల్ స్టేషన్ల పక్కన మాల్‌లు అలా లేచినవే. అదే నగరంలో 2003 నుంచి నడుస్తున్న ఎంఎంటీఎస్ రైలు 5 రూపాయలకు మనిషిని ఎక్కించుకుంది. దాని మీద ఎవరూ బోర్డులు కట్టి ఇళ్లు అమ్మలేదు. కూలివాళ్ల రైలు భూమి ధర పెంచదేమో! దాని వేళలు, పెట్టెలు పెంచాలన్న ఆత్రమూ ఎవరికీ అంతగా కనబడలేదు.

భూమి లాభంతో రైలు కట్టడం తప్పని మేం అనం. హాంకాంగ్‌లో మెట్రో సంస్థే స్టేషన్ల మీద ఇళ్లు కట్టి ఆ డబ్బుతో లైన్లు వేసింది. లాభం ఎవరికి చేరాలి, ఎవరికి రైలు అందాలి అన్నదే మా ప్రశ్న. దీనికి లండన్ చరిత్రలో రెండు జవాబులు ఉన్నాయి. ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు అక్కడ 1863లో నడిచింది. ఆ మెట్రోపాలిటన్ రైల్వే తర్వాత తన దగ్గర మిగిలిన భూముల్లో ఇళ్లు వేయించి, 1915 నుంచి ‘మెట్రోలాండ్’ అన్న పేరుతో పుస్తకాలు అచ్చేసి మధ్యతరగతిని పిలిచింది. దేవనహళ్లి బోర్డులకు అవే తాతలు. రెండో జవాబు వేరు. గ్రేట్ ఈస్టర్న్ రైల్వే లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ కోసం పేదల ఇళ్లు పడగొట్టాల్సి వచ్చినప్పుడు, రానూపోనూ 2 పెన్నీలకు కూలీల రైళ్లు నడపాలని 1864 చట్టం షరతు పెట్టింది. 1883లో ఇంకో చట్టం అలాంటి చౌక రైళ్లను మిగతా కంపెనీల మీదా మోపింది. ఎడ్మంటన్, వాల్తమ్‌స్టో లాంటి చోట్ల కూలీల వాడలు లేచింది ఆ టికెట్ వల్లే. ఇల్లు పోగొట్టావు కాబట్టి చౌకగా మోయాలి అని ఒక పార్లమెంటు నూట అరవై ఏళ్ల కిందటే అనగలిగింది.

మన దగ్గర కాగితాలు లేక కాదు. 2017లో కేంద్రం తెచ్చిన రవాణా ఆధారిత అభివృద్ధి విధానం, స్టేషన్‌కు 500 నుంచి 800 మీటర్ల లోపల అన్ని ఆదాయాల వాళ్ల ఇళ్లూ కలిసి ఉండాలంది. అనుమతించిన కట్టడంలో 30 శాతం దాకా అందుబాటు ధరల ఇళ్లకు ఉంచవచ్చని సూచించింది. ‘వచ్చు’ అన్న మాటకూ ‘వలెను’ అన్న మాటకూ తేడా ఏమిటో వ్యాకరణం చెప్పే మాకు తెలుసు. కట్టడ కూలీల మీద 1996లో వచ్చిన చట్టం పని జరిగే చోట ఉచితంగా వసతి ఇవ్వాలని, యాభై మందికి పైగా ఆడకూలీలు ఉంటే పిల్లలను చూసుకునే గది పెట్టాలని రాసింది. ఇసుక కుప్ప మీద ఆడుకునే పిల్లలకు ఆ గది దక్కిందా అని ప్రతి పని చోటా అడగాలి.

మేం కోరేది పెద్దదేమీ కాదు. కట్టడ కూలీలకు, ఇంటిపని వాళ్లకు తక్కువ ధర నెల పాసు కావాలి, అది ఏ రాష్ట్రం ఆధార్ అయినా చెల్లాలి. స్టేషన్ల దగ్గర ప్రభుత్వ భూమిలో మాల్‌కు ముందు బాడుగ ఇళ్లు కట్టాలి. అడ్వాన్సు లేకుండా నెల బాడుగకు కుటుంబాలకు ఇవ్వాలి. హిందూపురం, గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా బెంగళూరు పోయే పాత లైనులో కూలీల వేళకు చౌక రైళ్లు నడపాలి. పొద్దున పోయి రాత్రికి తిరిగి రాగలిగితే హిందూపురం వైపు తండాల్లో కొన్ని ఇళ్లకైనా తాళం పడదు.

చివరగా మన రాతల గురించి. మన కథల్లో, పాటల్లో తండా ఉంది, తీజ్ ఉంది, కాచిలి, టుక్రి ఉన్నాయి. ఎద్దుల బిడారు ఉంది. అవి ఉండాలి. కానీ మన జనంలో ఎందరో ఇప్పుడు బతుకుతున్న రేకుల షెడ్డు మన సాహిత్యంలో అరుదు. నగరం గురించి రాస్తే తండాను పోగొట్టుకున్న దుఃఖమే రాస్తున్నాం. బాడుగ, అడ్వాన్సు, టికెట్ ధర, పొద్దున్నే బస్టాపు దాకా నడక రాయడం లేదు. అవి రాయకపోతే నగరాన్ని గురించి చెప్పే హక్కు బోర్డు రాసేవాడికి ఒక్కడికే వదిలేసినట్టు. పోయి వచ్చినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి అడగాలి: పని చోటు నుంచి నీ గదికి ఎంత దూరం, బాడుగ ఎంత, పిల్లలు ఎక్కడ ఉన్నారు? వాళ్లు గోర్ బోలీలో చెప్పింది చెప్పినట్టు తెలుగు లిపిలో రాసుకోవాలి. వచ్చే పుస్తకానికి మన వ్యాసాలు అక్కడి నుంచి రావాలి.