పంచుకొనే వస్తువు, పంచరాని పేరు

మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలలో సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే రైతు తన పంటనుండి విత్తనం తీసి ఉంచుకోవచ్చును. పొరుగువానికి ఇవ్వవచ్చును, అమ్మవచ్చును. మొక్కల వంగడాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం (2001) 39వ విభాగం ఈ హక్కును స్పష్టంగా ఇచ్చింది. ఆ వంగడం మరొకరి పేర నమోదై ఉన్నా సరే. కాని ఒక్క కట్టడి ఉన్నది. విత్తనాన్ని సంచిలో కట్టి, ఇది ఫలానా నమోదైన వంగడమని చీటీ అంటించి అమ్మరాదు. ఊళ్లో దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. ఎరిగినవాని నోటిమాటే అక్కడ చీటీ.

కంప్యూటరు రంగంలో ఇటువంటి ఏర్పాటే మరొకటి ఉన్నది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా చదవవచ్చును, మార్చవచ్చును, నకళ్లు తీసి పంచవచ్చును. సూర్యాపేటలో ఒక ఉపాధ్యాయుడు అటువంటి వ్యవస్థకు తెలుగు అక్షరాల ఫాంట్లు, కీబోర్డు చేర్చి విద్యార్థులకు పంచదలచితే లైసెన్సు అడ్డురాదు. అడ్డువచ్చేది పేరు. పేరూ గుర్తూ వేరే చట్టానికి చెందినవి. మన దేశంలో అది 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం.

ఈ కట్టడి అకారణమైనది కాదు. ఎవరో ఒకరు లోపభూయిష్టమైన మార్పులు చేసి అదే పేరుతో పంచితే, వాడేవాడు మోసపోతాడు, నింద మూలకర్తలపై పడుతుంది. లినక్స్ అనే పేరునే 1990 దశకంలో అమెరికాలో దానితో సంబంధంలేని వ్యక్తి ఒకడు తన పేర నమోదు చేయించుకొన్నాడు. వివాదం నడిచిన తరువాత 1997లో గాని అది లినస్ టోర్వాల్డ్స్‌కు దక్కలేదు.

అయితే నియమం హద్దు మీరితే ఏమవుతుందో ఫైర్‌ఫాక్స్ కథ చెబుతుంది. డెబియన్ అనే స్వచ్ఛంద బృందం తన పంపిణీలో ఫైర్‌ఫాక్స్‌ను చేర్చేది. పాత కూర్పును అట్లాగే నిలిపి, భద్రతకు అవసరమైన సవరణలు మాత్రం తానే చేసుకొనేది. బొమ్మగుర్తు లైసెన్సు స్వేచ్ఛగా లేదని దానిని వాడలేదు. 2006లో మొజిల్లా అభ్యంతరం చెప్పింది: పేరు కావాలంటే గుర్తూ ఉండవలె, సవరణలకు ముందుగా ఆమోదమూ పొందవలె. డెబియన్ పేరు మార్చి ఐస్‌వీజల్ అన్నది. నిప్పు పోయి మంచు వచ్చింది! ఫైర్‌ఫాక్స్ కోసం వెదికిన కొత్తవానికి, ఆ పరాయి పేరు వెనుక ఉన్నది దాదాపు అదే ప్రోగ్రామని ఎట్లా తెలియాలి? వాడేవాడు మోసపోరాదని పుట్టిన నియమం వాడేవాని కళ్లకే గంత కట్టింది. పాత పేరు తిరిగి రావడానికి 2016 దాకా పట్టింది.

డెబియన్ తన పేరు విషయంలో 2013లో ఆమోదించిన విధానం ఇంతకంటె మెరుగైనది. ఆ పేరును నిజం చెప్పడానికి ఎవరైనా వాడవచ్చునని అందులో ఉన్నది. హైదరాబాదులోని స్వేచ్ఛ బృందం తెలుగులో రూపొందించిన వ్యవస్థకు ఆధారం డెబియనే. పేరు మాత్రం సొంతం. "ఇది స్వేచ్ఛ, డెబియన్ ఆధారంగా చేసినది" అంటే ఎవరికీ నష్టం లేదు, తెలుసుకొనేవానికి లాభం.

సూర్యాపేట ఉపాధ్యాయుని సందేహం ఇంకా మిగిలే ఉన్నది. నాలుగు ఫాంట్లు చేర్చినంతమాత్రాన వస్తువు వేరైపోతుందా? ఇటువంటి చిన్న మార్పులకు ఉదాహరణలిచ్చి చెప్పవలసిన నియమాలు తరచు న్యాయవాదుల భాషలో నలిగిపోతున్నాయి. వరి శాస్త్రజ్ఞులు ఈ చిక్కును తేలికగా దాటారు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరికి హైదరాబాదు పరిశోధకులు ఎండాకు తెగులును తట్టుకొనే శక్తిని చేర్చి, 2008లో 'మెరుగుపరచిన సాంబ మసూరి' అని విడుదల చేశారు. మూలమేదో, మార్పు జరిగిందో లేదో పేరే చెబుతున్నది. సాఫ్ట్‌వేర్‌లో దీనికి దగ్గరగా వచ్చినది ఫెడోరా: మార్చి పంచేవారు 'ఫెడోరా రీమిక్స్' అనే ప్రత్యేక గుర్తును, దాని నిబంధనలకు లోబడి, విడిగా అనుమతి అడగకుండానే వాడుకోవచ్చును.