తప్పిన గడి

గతవారము మా ఇంటికి వచ్చిన దుప్పటి యొకటి నన్ను రెండు దినములు మురిపించి, మూడవనాడు నవ్వులపాలు చేసినది. ఎర్రని గళ్ళు, ప్రతి గడి నడుమను నల్లని అష్టకోణ నక్షత్రము, చుట్టును త్రిభుజముల అంచు. చేతి అద్దకమని అంగడివాడు చెప్పెను, నేను నమ్మితిని. ఏలయన, ఒకచోట నక్షత్రపు కొన ప్రక్కగడిలోనికి వెంట్రుకవాసి చొచ్చుకొనిపోయి యుండెను. యంత్రము తప్పు చేయదనియు, తప్పే చేతిపనికి సాక్ష్యమనియు ఈ శీర్షికలో నేనెన్ని మారులు వ్రాసితినో పాఠకులకు నాకంటె బాగుగ తెలియును. ఆ సాక్ష్యమును ఇంటికి వచ్చినవారికెల్ల వ్రేలు పెట్టి చూపితిని. మూడవనాడు దుప్పటి ఆరవేయుచు చూతును గదా, సరిగా మూరెడు దూరమున మరల ఆ కొనయే, అంతే మేర, అటే జరిగియున్నది. ఇంకొక మూరెడు దూరమునను అంతే! ఎవరి చేయియో ఎన్నడో చేసిన తప్పును యంత్రము ఎక్కముగా వల్లించినది.

కోపము చల్లారినంతట మనస్సు పెడనకు పోయినది. మచిలీపట్టణపు కలంకారీ యని లోకము పిలుచు అద్దకమునకు నేడు ఆ ఊరే ఆటపట్టు. పేరులో కలమున్నను అచటి పని టేకుకొయ్య అచ్చులది. కలము పట్టువారు శ్రీకాళహస్తివారు. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డపై, ఇనుపతుప్పును బెల్లముతో ఊరవేసిన నీరు తాకినచోట నలుపు తేలును. పటిక అద్దినచోట, పిదప రంగునీట కాచినప్పుడు, ఎరుపు నిలుచును. కొన్నేండ్ల క్రిందట అచటి అద్దకపు బల్ల చెంత నిలిచి, గళ్ళ వరుసలో రెండు అచ్చుల నడుమ విచ్చుకొన్న సందును చూపి, అసలైన అందమిదియే యని నేను మెచ్చుకొంటిని. పనిచేయుచున్న పెద్దాయన తలయెత్తకయే, “దాన్ని మెచ్చుకోకండి బాబూ, నాకు సిగ్గుగా ఉంది. పువ్వయితే సర్దుకుపోతుంది, గడి సర్దుకోదు” అనెను. వినయమని తలచి నవ్వి ఊరకుంటిని.

అది వినయము కాదని ఇన్నాళ్ళకు నాకు బోధపరచినది మా అమ్మమ్మ వాకిలి. ధనుర్మాసపు తెల్లవారుజామున, నడుమ 15 చుక్కలు పెట్టి, అటునిటు 8 వచ్చువరకు సందుచుక్కలు పెట్టుచు ఆమె నడుము వంచి సాగుచుండగా, అరుగుపై దుప్పటి కప్పుకొని నేను లెక్కించుచుండెడివాడను. మొత్తము 169 చుక్కలు. కొలబద్ద లేదు, త్రాడు లేదు, పేడనీళ్ళు చల్లిన నేల సమముగనైన లేదు. నాలుగైదు వరుసలు గడచుసరికి చుక్కలు వీధివైపునకు ఒరిగెడివి. అమ్మమ్మ చెరుపదు, విసుగుకొనదు. తరువాతి వరుసలలో ఒక్కొక్క చుక్కను ఆవగింజంత ఇవతలకు జరుపుచు, కడపటి వరుసను గడపకు సరిగా తెచ్చి నిలుపును. గీతలు కలిపిన పిదప, ఒరిగినది ఎచ్చటనో వెదకినను దొరకదు.

ఒక ఆకృతిని అన్ని దిక్కులకు పునరావృత్తి చేయుచు సమతలమును నింపుటలో సౌష్ఠవభేదములు 17 మాత్రమేయని 1891లో ఫెదొరోవ్ అను రష్యనుడు నిరూపించెను. 1924లో పోల్యా అను గణితజ్ఞుడు ఆ సత్యమునే మరల కనుగొని 17 భేదములకును బొమ్మలు గీయగా, అచ్చుబొమ్మల చిత్రకారుడు ఎషర్ వానిని తన పుస్తకములోనికి ఎత్తి వ్రాసికొని అభ్యసించెను. ఎంతటి విద్య! కాని గణితమునకు నేల ఎన్నడును సమతలమే. అమ్మమ్మకు ఎన్నడును కాదు. గుడ్డ సాగును, కొయ్య తడిని పీల్చును, మణికట్టు అలయును. పదునేడింటిలో ఏదియు, ఒరిగిన వరుసను ఒడ్డునకు చేర్చు ఉపాయము చెప్పదు.

ఆనాడు పెడనలో నేను చూచియు గమనింపనిది ఇప్పుడు కన్నులకు కట్టుచున్నది. నా మెచ్చుకోలు విని సిగ్గుపడిన ఆ పెద్దాయన, ఆ పిమ్మటి అచ్చులను ఒక్కొక్కటి రవంత దగ్గరగా మోపుచు పోయెను. మూలకు చేరుసరికి అంచు త్రిభుజము తెగకుండ, కుదించుకుపోకుండ నిండుగా నిలిచెను. నేను సందు దగ్గరనే నిలిచిపోతిని. అతడు మూలకు చేరెను.

కనుక, తప్పే చేతికి సాక్ష్యమన్న నా పాతమాటను నేటితో ఉపసంహరించుకొనుచున్నాను. తప్పును అచ్చువేయవచ్చును. ఒక తప్పునకు తరువాతి పది అచ్చులు పంచుకొని తీర్చు ఋణమే చేతి గురుతు. అది కానవలెనన్న సందును గాక మూలను చూడవలెను. మన భాషకిది ముందే తెలియును కాబోలు: ముగ్గు దిద్దుదుము, బొట్టు దిద్దుదుము, తప్పును దిద్దుదుము, గీయుటకును సరిచేయుటకును ఒక్కటే మాట.

దుప్పటిని తిరిగి ఇచ్చివేయుమని ఇంటిలోనివారు అనుచున్నారు. ఇయ్యలేదు. మూరమూరకు నా పాతమాట అచ్చుపడియున్నది, కొన్నాళ్ళు కప్పుకొననిండు.