ముందు నీటికి దారి, తర్వాత తారు

రేపల్లె శివార్లలో ఒక ధాన్యం మిల్లు ఆవరణకు తారు వేస్తున్నారని తెలిసి చూడబోయాను. మొదటి వారం వెళ్తే తారు లేదు. రెండో వారం వెళ్తే అప్పుడూ లేదు. నేల మోకాటి లోతు తవ్వారు, సున్నం చల్లారు, నీళ్లు కొట్టారు, రోలర్ తిప్పారు. మేస్త్రి మాత్రం సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొస కుర్రాడి చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకుని, ఆ మూల నుంచి ఈ మూలకు నడుస్తూ మేకులకు దారాలు కడుతున్నాడు. తారు ఎప్పుడండీ అంటే, ఇంకా నీళ్ల లెక్క తేలలేదన్నాడు.

నేను చూడబోయింది తారు పని. అక్కడ జరుగుతున్నది నీటి పని. తారు పనిలో పెద్ద వాటా అదేనని తెలియడానికి నాకింకో వారం పట్టింది.

డెల్టా నల్లరేగడి సంగతి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. వానాకాలంలో కాలి చెప్పు లాగేసుకుంటుంది. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు తీస్తుంది. ఆ మట్టిలోని మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం పుస్తకంలో కాగితాల్లా పొరలుపొరలుగా ఉంటుంది. నీళ్లు తగిలితే ఆ పొరల మధ్యకు చేరి ఉబ్బిస్తాయి, ఎండితే మళ్లీ కుంచించుకుపోతుంది. అంటే ఈ నేల ఏటా ఒకసారి ఊపిరి పీల్చి వదులుతుంది. దాని ఛాతీ మీద పరిచిన తారు పగలకుండా ఎలా ఉంటుంది? నేల ఎంత బరువు మోస్తుందో కొలవడానికి ఇంజనీర్లు సీబీఆర్ అనే పరీక్ష చేస్తారు. గట్టి కంకర నూరు అనుకుంటే, నానిన నల్లరేగడికి రెండో మూడో వస్తుంది. నూటికి రెండు మార్కులొచ్చిన పిల్లవాడి భుజం మీద వడ్ల లారీ పెట్టినట్టు!

పైగా ఇది నీళ్ల మధ్య ఉన్న ఊరు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టింది మొదలు, 1957లో దాని స్థానంలోకి ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, తెనాలి నుంచి రేపల్లె దాకా పల్లపు భూములన్నీ పశ్చిమ డెల్టా కాలవల మీదే బతుకుతున్నాయి. కాలవలు పారినన్నాళ్లూ భూమి లోపల చెమ్మ పైకే ఉంటుంది. అందుకే ఇక్కడ అడుగు పని తెలిసినవాళ్లు కాలవలు కట్టేసే ఎండల కోసం కాచుకుంటారు. జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలేలోగా పని ముగియాలి. పొలానికీ రోడ్డుకూ క్యాలెండరు ఒకటే, వాటి అవసరాలు మాత్రం తలకిందులు.

రెండు వందల ఏళ్ల కిందట స్కాట్లాండ్ మనిషి జాన్ మెకాడం చెప్పిన సూత్రం ఇంతే: బరువు మోసేది రాయి కాదు, కింది నేల. అది పొడిగా ఉన్నంతకాలం మోస్తుంది. రాళ్లు పేర్చడం ఆ నేలను పొడిగా ఉంచడానికే. మన పాత మెటల్ రోడ్లకు పుట్టుక ఆయన పద్ధతే. కంకర రోడ్డును ఇంగ్లీషు పుస్తకాల్లో ఇప్పటికీ మెకాడం అనే అంటారు.

మిల్లు ఆవరణలో మేస్త్రి రేగడిని రెండు రకాలుగా లొంగదీశాడు. మొదటిది సున్నం. బరువులో నూటికి మూడు నాలుగు పాళ్లు పొడి సున్నం కలిపి, తడిపి, ఒక రాత్రి వదిలేస్తే బంకమట్టి జిగురు చచ్చి పొడిపొడిగా విడిపోతుంది. రెండోరోజు ఆ మట్టిని చేతిలోకి తీసుకుని పిసికి చూశాను. అంటుకోలేదు, ఉండ కట్టలేదు. మా చిన్నప్పుడు బొమ్మలు చేసుకున్న మట్టి ఇదేనంటే నమ్మబుద్ధి కాలేదు. రెండోది, దాని మీద ఉబ్బని మట్టి పొర, మనం గ్రావెల్ అనేది. ఇలా ఉబ్బని, కాస్త జిగురున్న మట్టిని మందంగా పరిచి రేగడిని అణచవచ్చని ఐఐటీ బొంబాయిలో ఆచార్య ఆర్.కె. కట్టి పరిశోధించి చూపించారు. ఈ మేస్త్రికి ఆ పేరు తెలియకపోవచ్చు. ఆయన చేయించిన పని మాత్రం ఆ దారిలోనే ఉంది.

ఇక వాలు. 20 మీటర్ల ఆవరణకు మీటరుకు రెండు సెంటీమీటర్ల చొప్పున మొత్తం 40 సెంటీమీటర్లు, మూరకు కాస్త తక్కువ. కంటికి బల్లపరుపుగానే కనిపిస్తుంది. వాన చినుక్కి మాత్రం తెలుస్తుంది. నాకు నచ్చిన సంగతేమిటంటే, ఈ వాలును ఆయన తారుతో తెప్పించలేదు. అట్టడుగున రేగడికే ఇచ్చాడు. దాని మీద గ్రావెల్, దాని మీద కంకర, అన్నీ అదే వాలు మోసుకొచ్చాయి. అడుగున చదునుగా వదిలేసి పైన తారు మందం పెంచి వాలు చూపించేవాళ్లు ఉన్నారు. పైనీళ్లు పోతాయి, లోపలికి దిగిన నీళ్లు మాత్రం అక్కడే కూచుంటాయి.

రాయి సంగతి చెప్పాలి. రేపల్లె చుట్టుపక్కల మచ్చుకు ఒక గుట్ట లేదు. కంకరంతా గుంటూరు అవతల పేరేచర్ల వైపు కొండల నుంచో, ఇంకా దూరం నుంచో టిప్పర్లలో రావాలి. తారు రోడ్డు అని పేరే గాని అందులో తారెంత? పైపొరకు వేసే మంచి మిశ్రమంలో నూరు కిలోలకు ఐదున్నర కిలోలు. తక్కినదంతా కంకర, చిప్స్, రాళ్లపొడి, కాస్త సున్నం. ఆ సున్నం ఎందుకంటే మన కొండరాయికి తారు కన్నా నీళ్లంటేనే మమకారం. సందు దొరికితే తారును వదిలించుకుని నీటిని కావలించుకుంటుంది. సున్నం ఆ రెంటికీ మధ్యవర్తి. రాయి ఆకారమూ చూస్తారు. రేకుల్లా పలచగా, సూదుల్లా పొడుగ్గా ఉన్న ముక్కలు రోలర్ కింద విరుగుతాయి. నలుపలకల ముక్కలైతే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మేస్త్రి గుప్పెడు చిప్స్ తీసి అరచేతిలో ఆడించి పారేసిన తీరు, కందిపప్పు కొనేముందు మా అమ్మ చూసే తీరు ఒకటే.

తారు అనే మాట కూడా నిజానికి పాత చుట్టం పేరు. అసలు తారు బొగ్గు నుంచి వచ్చేది. ఇప్పుడు మనం వాడేది ముడి చమురు శుద్ధి చేశాక అడుగున మిగిలే బిటుమెన్. విశాఖపట్నం రిఫైనరీలోనూ తయారవుతుంది. సరుకు మారినా పేరు నిలిచింది, నేనూ అదే రాస్తున్నాను.

ఈ బిటుమెన్‌ను మన దేశంలో చాలాకాలం 25 డిగ్రీల దగ్గర సూది గుచ్చి, ఎంత లోతు దిగిందో చూసి తరగతులు చేసేవారు. 2006లో ఐఎస్ 73 ప్రమాణం మార్చి, 60 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చూడడం మొదలుపెట్టారు. మన వేసవిలో నల్లటి రోడ్డు పైభాగం ఇంచుమించు అంత వేడెక్కుతుంది మరి. పరీక్షను ఎండలోకి తెచ్చారన్నమాట. ఇప్పుడు వినిపించే వీజీ-30, వీజీ-40 అనే పేర్లు ఆ లెక్కవే. అంకె పెరిగేకొద్దీ చిక్కదనం పెరుగుతుంది.

మిల్లు ఆవరణకు చిక్కటి రకం ఎందుకని అడిగాను. రోడ్డు మీద లారీ పరిగెత్తుతుంది, ఇక్కడ నిలబడుతుంది, అదీ తేడా. ముదురు పాకాన్ని చేత్తో చరిస్తే రాయిలా ఉంటుంది, వేలు పెట్టి నొక్కి ఉంచితే మెల్లగా దిగిపోతుంది. తారుదీ అదే గుణం. క్షణంలో దాటిపోయే చక్రానికి గట్టిగా ఎదురు నిలుస్తుంది, రాత్రంతా నిలబడ్డ చక్రానికి లొంగిపోతుంది. నిలబడిన చోటే స్టీరింగ్ తిప్పితే పైరాళ్లు లేచొస్తాయి. డీజిల్ చుక్క పడితే తారు కరిగిపోతుంది, రెండూ ఒక తల్లి బిడ్డలే కదా. మనిషికి సులువుగా కనిపించే పార్కింగు జాగా తారుకు రహదారి కన్నా కష్టం. అందుకే లారీలు ఆగి బస్తాలు దింపే పట్టీ వరకు మేస్త్రి తారు వద్దని కాంక్రీటు పోయించాడు. తన సరుకు ఎక్కడ పనికిరాదో చెప్పగలిగిన పనివాడంటే నాకు గౌరవం. మండుటెండలో మోటార్‌సైకిల్ స్టాండు కింద రాయి ముక్క పెట్టే ఆసామికి ఈ శాస్త్రమంతా ఎప్పుడో తెలుసనుకోండి.

తారు వచ్చే ముందు రోజు కంకర మీద ఎమల్షన్, అంటే నీళ్లలో కలిపిన తారు, కొట్టారు. పడ్డప్పుడు కాఫీ రంగు. చూస్తుండగానే నీరు విడిపోయి నల్లబడింది. నల్లబడేదాకా ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు. కింద లావు కంకర తారు పొర, దాని మీద మళ్లీ పలచగా ఎమల్షన్, ఆపైన 40 మిల్లీమీటర్ల సన్న కంకర పొర. ఆ పైపొర వేసిన పొద్దు నాలుగు గంటలు గోడ నీడలో నిలబడి చూశాను.

టిప్పర్ల మీద టార్పాలిన్లు కప్పి ఉన్నాయి. ప్లాంటులో కలిపినప్పుడు 150 నుంచి 165 డిగ్రీలు ఉండాలని, పరిచేటప్పుడు 140కి తగ్గకూడదని, రోలర్ పని 90కి పడిపోకముందే ముగియాలని వీజీ-30కి పుస్తకం లెక్క. చిక్కటి రకానికి ఇంకాస్త ఎక్కువే. చేతిలో థర్మామీటర్ ఉంది. కానీ మేస్త్రి దాన్ని గుచ్చేముందే టార్పాలిన్ తీయించి లోడు వైపు ఒక్క చూపు చూస్తాడు. నీలం పొగ లేస్తే తారు మాడింది. తెల్ల ఆవిరి లేస్తే రాళ్లలో తడి మిగిలింది. కుప్ప నిటారుగా శిఖరంలా నిలిచిందా, చల్లారిపోయింది. జావలా జారి చదునైందా, తారు ఎక్కువైంది. సరైన లోడు నల్లగా మిలమిల్లాడుతూ గుమ్మటంలా కూర్చుంటుంది. అరిసెల పాకం పళ్లెంలోని నీళ్లలో వేసి చూసే ముసలమ్మ కన్ను అది. ఆరోజు ఒక లోడు వెనక్కి పంపాడు. డ్రైవర్ గొణిగాడు గానీ వాదించలేదు.

పేవర్ యంత్రం 50 మిల్లీమీటర్లు పరుస్తూ పోతుంది. రోలర్ కింద అది 40కి దిగుతుంది. యంత్రం దూరని మూలల్లో మనుషులు. పాలమూరు నుంచి వచ్చిన ముఠా. ఆ జిల్లా కూలీలు ఆనకట్టలకూ కాలవలకూ రోడ్లకూ దేశమంతా తిరిగినవాళ్లు. కాళ్లకు గోనెపట్టలు చుట్టుకుని, ఇనుప పళ్లు బిగించిన పొడుగు కర్రలతో సర్దుతున్నారు. ఒక్క సంగతి కనిపెట్టాను: మంచి పనివాడు మాలును విసరడు, పార తిరగేసి దించుతాడు. విసిరితే లావు రాళ్లు దూరంగా దొర్లి, పొడి దగ్గరే పడిపోతుంది. అప్పుడు ఒకచోట జల్లెడ, ఒకచోట బురద. సర్దడం కూడా తక్కువే. ఎక్కువ గెలికిన చోట పెద్ద రాళ్లు పైకి తేలి మశూచి మొహంలా మిగులుతుంది. అలవాటు లేని చెయ్యి ఆపుకోలేక గెలుకుతూనే ఉంటుంది. ఒక కుర్రవాడు అలాగే చేస్తుంటే పక్కనున్న పెద్దాయన ఏమీ అనకుండా కర్ర మీద చెయ్యి వేసి ఆపాడు.

రోలర్ డ్రైవర్ పల్లపు అంచు నుంచి మొదలుపెట్టి మెరక వైపు ఎక్కించుకుంటూ పోయాడు. మెత్తని మాలు కిందికి జారకుండా ముందు తొక్కిన పట్టీయే గోడలా ఆపుతుంది. మనిషి నడక వేగం, అంతే. వేడి మాలు మీద నిలిపి ఉంచడు, మలుపు తిప్పడు. దిశ మార్చేటప్పుడు ఊయల ఆగినట్టు మెల్లగా ఆగి మెల్లగా కదులుతాడు. ఇనుప చక్రానికి మాలు అంటకుండా నీళ్లు కారుతూ ఉండాలి. డీజిల్ పూస్తే పని సులువే గాని, డీజిల్ తగిలిన తారు గతి పైన చెప్పాను. ఇనుప రోలర్ వెనక గాలి టైర్ల రోలర్. ఇనుము చదును చేస్తుంది, రబ్బరు పిసుకుతుంది. ఆ పిసుకుడుకే సందులు మూసుకుంటాయి. చివరికి నూటికి ఏడెనిమిది పాళ్లకు మించి గాలి మిగలకూడదు. గాలి ఉన్న చోటికి నీళ్లొస్తాయి.

నిన్నటి పొర అంచు దగ్గర ఇవాళ్టి పొర కలిసే చోట మేస్త్రి తానే కూర్చున్నాడు. నిన్నటి అంచును నిలువుగా కోయించి, కోసిన ముఖానికి వేడి తారు పూయించి, అప్పుడు కొత్త మాలు ఆనించాడు. ఏ తారు జాగా అయినా ముందు పగిలేది అతుకు దగ్గరే.

మా వీధికి తారు వేసింది ఒక సాయంత్రం పూట. పొద్దున లేచి చూస్తే అయిపోయింది. పాత మట్టి మీద, చీపురైనా పెట్టకుండా. మర్నాడే కాదుగాని, రెండో వానకు అరిసె అంచుల్లా లేచి వచ్చింది. ఆ కాంట్రాక్టరు పేరు రాయను. కానీ ఈ మిల్లు ఆవరణలో ఒక చీపురు మనిషి కంకర సందుల్లో దుమ్ము గంటల తరబడి ఊడవడం చూసినప్పుడు మా వీధి గుర్తొచ్చింది.

అంచులకు కాంక్రీటు గట్టు కట్టారు, తారు బయటికి ఒరిగిపోకుండా. గట్టు పొడవునా తవ్విన చోట తుంగ గడ్డలు ఏరి పారేశారు. తుంగ మొలక తారును పొడుచుకుని పైకి రాగలదు. నేను నమ్మలేదు. పక్క గోడౌన్ ముందు తీసుకెళ్లి చూపించారు, నల్లటి తారులోంచి పచ్చటి సూది.

పెనుమూడి వంతెన దిగి రేపల్లె మీదుగా బాపట్ల వైపు పోయే 216 జాతీయ రహదారి అంచున కోతలయ్యాక వడ్లు, మొక్కజొన్నలు ఆరబోస్తారు. రోడ్డు మీద అది ప్రమాదమే. నలుపు త్వరగా ఎండబెడుతుంది, రైతు ఏం చేస్తాడు? మిల్లు యజమాని తనకు కూడా లారీలతో పాటు ఆ ఆశ ఉందని తర్వాత చెప్పాడు, ఇదొక కళ్లంగా కూడా పనికొస్తుందని.

పని ముగిసిన మూడో రోజు వెళ్లాను. లారీలను ఇంకా లోపలికి రానివ్వలేదు. మెరక మూలన బయటే ట్యాంకర్ నిలబెట్టి నీళ్లు వదిలిపెట్టారు. నీళ్లు పలచగా అద్దంలా పరుచుకుని, తొందరేమీ లేనట్టు, పల్లపు అంచున ఉన్న కాలవలోకి దిగిపోయాయి. మేస్త్రి చెప్పులు విప్పి వాటి వెనకే నడిచాడు. గేటు దగ్గర ఒకచోట పళ్లెమంత నీరు నిలిచింది. వంగి అందులో రూపాయి బిళ్ల పెట్టి చూశాడు. బిళ్ల మునగలేదు. అయినా జేబులోంచి సుద్దముక్క తీసి దాని చుట్టూ గీత గీశాడు.